సగం మనిషి చెట్టు దగ్గర

మా ఇంట్లో ఎవరూ "పోతాను" అనరు. "పోయొస్తాను" అంటారు. ఇది మా అవ్వ పెట్టిన నియమం. చిన్నప్పుడు నేను బడికి బయలుదేరుతూ "అవ్వా, పోతున్నా" అంటే చాలు, వంటింట్లోంచి కేక వచ్చేది. "పోతున్నా ఏందే? పోయొస్తా అను!" పోవడం ఒక్కటే చెబితే తిరిగి రావడం ఉండదని ఆమె భయం. ఇంకో నియమం కూడా ఉండేది. గడప దాటిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. వాళ్ళు గొడుగు మరిచిపోయినా సరే, అన్నం డబ్బా మరిచిపోయినా సరే. వాళ్ళకే గుర్తొచ్చి తిరిగి రావాలి.

పోయిన ఏడాది మా అబ్బాయి వచ్చి, ఆస్ట్రేలియాలో ఉద్యోగం దొరికిందని చెప్పాడు. పెర్త్ నగరంలో. భార్యనీ, నాలుగేళ్ళ కూతురినీ తీసుకుని పోతాడట. నేను "మంచిది నాన్నా" అన్నాను. తర్వాత సింకులో ఉన్న గిన్నెలు కడిగాను. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. మా పేటలో ఇది కొత్త సంగతి కాదు. ఇంటికొకరు ఆస్ట్రేలియాలోనో, న్యూజిలాండులోనో, కెనడాలోనో ఉన్నారు. అయినా మన ఇంటి దాకా వస్తే వేరు.

నేను మాట్లాడడం లేదని వాడికి అర్థమైంది. ఒక ఆదివారం వచ్చి అన్నాడు: "అమ్మా, జులై సెలవుల్లో మనిద్దరం ఒక చోటికి పోదాం. తాత చెప్పిన నది చూద్దాం."

తాత అంటే మా నాయన. ఆయన డర్బన్‌లో ఇండియన్ పిల్లల బడిలో ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పాడు. నల్లబల్ల మీద ఆరెంజ్ నదిని నీలం సుద్దతో ఒక్క గీతలో గీసేవాడు. కుడివైపు లెసోతో కొండల్లో మొదలుపెట్టి, చెయ్యి ఎత్తకుండా, ఎడమవైపు అట్లాంటిక్ సముద్రం దాకా. "2,200 కిలోమీటర్లు, ఒక్క గీత" అనేవాడు. నేను కూడా ఆయన తరగతిలో కూచున్నాను. కానీ ఆ నదిని ఆయన కళ్ళతో ఎప్పుడూ చూడలేదు.

ఎందుకు చూడలేదో ఈ పత్రిక చదివే పెద్దవాళ్ళకు చెప్పక్కరలేదు. పిల్లల కోసం చెబుతున్నాను. ఆ రోజుల్లో ఇండియన్లు నాటాల్ దాటి వేరే ప్రావిన్సుకు పోవాలంటే పర్మిట్ కావాలి. ఫ్రీ స్టేట్‌లో అయితే 1891 నాటి చట్టం ఒకటి ఉండేది. ఇండియన్ ఎవరూ అక్కడ కాపురం ఉండకూడదు. ఆ చట్టం 1980ల నడిమి దాకా బతికింది. హోటళ్ళు మనకు గది ఇవ్వవు. జాతీయ పార్కుల్లో మంచి విడిదులు తెల్లవాళ్ళకే. నది ముఖద్వారం దగ్గర వజ్రాల గనులు ఉన్నాయి కాబట్టి అక్కడికి ఎవరినీ ఊరికే పోనివ్వరు. మా నాయన భూగోళం మాస్టరు, కానీ ఆయనకు భూగోళంలో చాలా భాగం మూసి ఉండేది.

అందుకే "సరే" అన్నాను.

డర్బన్ నుంచి రిఖ్టర్స్‌వెల్డ్‌కు 1,800 కిలోమీటర్ల పైమాటే. మా వాడు అద్దెకు ఒక పెద్ద బక్కీ తీసుకున్నాడు, నాలుగు చక్రాలూ లాగే రకం. నేను పులిహోర చేశాను, చపాతీలు చేశాను, నిమ్మకాయ ఊరగాయ పెట్టాను, గుడ్లు ఉడకబెట్టాను. "దారిలో అన్నీ దొరుకుతాయమ్మా" అన్నాడు వాడు. దొరుకుతాయని నాకూ తెలుసు. కానీ చేతులు ఊరుకోవు. మా చిన్నప్పుడు ప్రయాణమంటే ముందు తిండి మూట, తర్వాతే బట్టల పెట్టె. దారిలో మనకు ఎవరూ పెట్టరు కాబట్టి.

వాన్ రీనెన్ కనుమ ఎక్కేటప్పుడు నాకు నాయన గుర్తొచ్చాడు. మేము జొహానెస్‌బర్గ్‌లో చుట్టాలింటికి పోయేటప్పుడు ఆయన ఈ కనుమ కింద కారు ఆపేవాడు. "అందరూ దిగండి. తినేది తినండి, పోయేది పోయండి. పైన ఫ్రీ స్టేట్. అక్కడ ఆగేది లేదు." మేము నవ్వేవాళ్ళం. ఆయన నవ్వేవాడు కాదు. ఈసారి మేము ఫ్రీ స్టేట్‌లో ఒక చిన్న ఊరిలో రాత్రి పడుకున్నాం. విడిది నడిపే తెల్ల ముసలావిడ పొద్దున్నే నాకు కాఫీ తెచ్చి ఇచ్చింది. బాగా నిద్ర పట్టిందా అని అడిగింది. పట్టిందని చెప్పాను. నిజానికి పట్టలేదు. చీకట్లో కూచుని, ఇక్కడ ఒక్క రాత్రి పడుకోవడానికి మాకు ఎన్ని తరాలు పట్టిందో లెక్క వేసుకున్నాను.

మూడో రోజు ఉపింగ్టన్‌లో మొదటిసారి నదిని చూశాను. వంతెన మీద బక్కీ ఆపమన్నాను. నీళ్ళు గోధుమ రంగులో నెమ్మదిగా పోతున్నాయి. రెండు గట్ల మీదా ద్రాక్షతోటలు. నీలం సుద్ద గీత కాదు. అయినా నేను ఆయన చెయ్యి కదలడం చూశాను.

మీకు ఒక సంగతి చెప్పాలి. ఈ నది పుట్టేది మన డ్రాకెన్స్‌బర్గ్ కొండల వెనక. ఆ కొండల శిఖరం మీద పడిన వాన రెండుగా చీలుతుంది. తూర్పు వైపు జారిన నీళ్ళు టుగేలా లాంటి నదుల్లో కలిసి మన హిందూ మహాసముద్రంలోకి వస్తాయి. పడమటి వైపు జారిన నీళ్ళు ఆరెంజ్ నదిలో కలిసి, దేశమంతా దాటి, అట్లాంటిక్‌లోకి పోతాయి. ఒకే మబ్బు, ఒకే వాన, కానీ రెండు సముద్రాలు. ఆ మాట కూడా నాయన చెప్పిందే.

స్ప్రింగ్‌బోక్ దాటి, పోర్ట్ నోలోత్ దాటి, తీరం వెంబడి అలెగ్జాండర్ బే దాకా పోయి, అక్కడ నుంచి నది వెంట లోపలికి తిరిగాం. అక్కడ ఉంది సెండెలింగ్స్‌డ్రిఫ్. పార్కుకు అదే వాకిలి. నది అవతల నమీబియా. కార్లను బల్లకట్టు మీద అటూ ఇటూ దాటిస్తారు. నదికి ఇటు రిఖ్టర్స్‌వెల్డ్ పార్కు 1991లో ఏర్పడింది. 2003లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకుని, అటు పార్కునూ ఇటు పార్కునూ కలిపి ఒకటి చేశాయి. నది మధ్యలో సరిహద్దు ఉంది, కానీ పక్షులకు పాస్‌పోర్టు అక్కరలేదు.

పార్కు ఆఫీసులో అమ్మాయి మా పేర్లు రాసుకుని, జాగ్రత్తలు చెప్పింది. తాగే నీళ్ళు మీరే తెచ్చుకోవాలి. లోపల ఫోన్ పనిచేయదు. పెట్రోలు నింపుకుని పోవాలి. చీకటి పడ్డాక బండి నడపకూడదు. ఒక్క బండి కంటే రెండు బండ్లు కలిసి పోతే మంచిది. ఆఖరి మాటకు మా వాడు నా వైపు చూశాడు. మాది ఒక్క బండే.

లోపల ఏముందని అడుగుతారేమో. కొండలు. ఆకు లేని, గడ్డి లేని, ఒట్టి రాతి కొండలు. ఎర్రవి, నల్లవి, పసుపు రంగువి, బూడిద రంగువి. వాటి మధ్యలో ఇరుకైన లోయలు. ఇలాంటి చోటుకు తెలుగులో "గండి" అని మంచి మాట ఉంది. నీరు కొండను కోసుకుంటూ పోయిన దారి గండి. కడప జిల్లాలో పెన్నా నది ఇలాగే కొండను కోసింది. అక్కడ కట్టిన కోట పేరు గండికోట. నేను దాన్ని ఫోటోల్లోనే చూశాను. కానీ రిఖ్టర్స్‌వెల్డ్ కొండల మధ్య బండి దూరినప్పుడు నా నోట్లోంచి ఆ మాటే వచ్చింది: "అబ్బ, ఎంత గండి!"

"గండి అంటే?" అన్నాడు మా వాడు.

చెప్పాను. వాడు రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

మన డర్బన్‌లో ఏడాదికి దాదాపు 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇక్కడ కొన్ని చోట్ల 50 మిల్లీమీటర్లు పడితే గొప్ప. వేసవిలో ఎండ 50 డిగ్రీల దాకా పోతుంది. మరి చెట్లు ఎలా బతుకుతాయి? పొగమంచు తాగి బతుకుతాయి. అట్లాంటిక్ తీరంలో చల్లటి నీటి ప్రవాహం ఉంది. దాని మీద నుంచి వచ్చే గాలి రాత్రిపూట, తెల్లవారుజామున, మంచు మోసుకొస్తుంది. మొక్కల ఆకులు లావుగా, గుజ్జుగా ఉంటాయి, మన కలబందలాగా. దొరికిన చుక్క దొరికినట్టు దాచుకుంటాయి. మా అవ్వ చక్కెర డబ్బా, పప్పు డబ్బా దాచినట్టు.

మొదటి రోజు మేము హాఫ్‌మెన్స్ కనుమ మీదుగా పోయాం. హాఫ్‌మెన్స్ అంటే ఆఫ్రికాన్స్ భాషలో "సగం మనిషి". అది ఒక చెట్టు పేరు. కొమ్మలు లేకుండా, ఒకే లావు కాండం నిటారుగా పెరుగుతుంది. ఒళ్ళంతా ముళ్ళు. తల మీద మాత్రం ఒక గుత్తి ఆకులు. దూరం నుంచి చూస్తే కొండ అంచు మీద మనుషులు నిలబడినట్టే ఉంది. అన్నిటి తలలూ ఒకే వైపు వంగి ఉన్నాయి. నేను చూపించాను. కానీ మా వాడి కళ్ళు దారి మీదే ఉన్నాయి. ఆ దారి అలాంటిది. అకెడిస్ కనుమ దగ్గర బండి రాళ్ళ మీద మెట్లు దిగినట్టు దిగింది. అకెడిస్ అంటే బల్లి. ఆ దారికి బల్లే సరి, బండి కాదు. నలభై కిలోమీటర్లకు మూడు గంటలు పట్టింది.

నది ఒడ్డున డి హూప్ అనే చోట గుడారం వేసుకున్నాం. చుట్టూ ఎడారి, మధ్యలో నది, నది పక్కన పచ్చటి చెట్లు. చలి కొరుకుతోంది. మంట వేసుకుని చపాతీలు వేడి చేసుకున్నాం. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. అక్కడ నిశ్శబ్దం చాలా పెద్దది. దాని పక్కన మా నిశ్శబ్దం ఎంత!

మర్నాడు అసలు సంగతి జరిగింది. నది పక్కన ఇసుక దారిలో పోతుంటే బక్కీ దిగబడిపోయింది. మా వాడు ఇంకా గట్టిగా తొక్కాడు. చక్రాలు ఇంకా లోపలికి పోయాయి. ఇసుకలో పోయేటప్పుడు టైర్లలో గాలి తగ్గించుకోవాలి. వాడు మరిచిపోయాడు. దిగి పార పట్టుకుని తవ్వడం మొదలుపెట్టాడు. గంటసేపు తవ్వాడు. నేను ఒక రాయి మీద కూచున్నాను.

నేను ఎందుకు అన్నానో తెలియదు, కానీ అప్పుడే అన్నాను. "ఇక్కడే ఇలా ఇరుక్కుంటే, అక్కడ తెలియని దేశంలో ఎవరున్నార్రా నీకు?"

వాడు పార కింద పడేశాడు. "అదీ! ఆరు నెలల నుంచి నోట్లో పెట్టుకున్న మాట అదీ. ఇప్పుడు చెప్పు, అంతా చెప్పు."

చెప్పాను. నీ కూతురు నన్ను అవ్వా అని పిలుస్తుంది, అక్కడికి పోతే ఎవరిని పిలుస్తుందని అడిగాను. మీ నాన్న లేడు, నేను ఒక్కదాన్ని అన్నాను. తెలుగు బడిలో నేను ఊరి పిల్లలందరికీ అ, ఆ నేర్పాను, నా మనవరాలికి ఎవరు నేర్పుతారని అన్నాను. వాడు కూడా చెప్పాడు. ఇక్కడ భయంగా ఉందని, రాత్రి తలుపు చప్పుడైతే నిద్ర లేస్తానని, కూతురు ఆ భయంలో పెరగకూడదని. ఇద్దరం అరుచుకున్నాం. కొండలు మా మాటల్ని తిరిగి మాకే వినిపించాయి. అప్పుడు మేకల గంటలు వినిపించాయి.

ఒక ముసలాయన, వెనక పదేళ్ళ పిల్ల, వాళ్ళ ముందు ఒక మేకల మంద. ఇది పార్కు కదా, మేకలేంటని అనుకోకండి. ఈ నేల నామా ప్రజలది. పార్కు పెట్టేటప్పుడు వాళ్ళు ఒప్పుకున్నారు, కానీ మా మేకలు ఇక్కడే మేస్తాయి అన్నారు. అలాగే ఒప్పందం రాసుకున్నారు.

ఆయన బక్కీని చూశాడు, మా ముఖాలు చూశాడు. ఏమీ అడగలేదు. వంగి టైర్లలో గాలి తీయించాడు. చక్రాల ముందు చదును రాళ్ళు పరిపించాడు. మంద దూరం పోకుండా పిల్ల చూసుకుంది. పావుగంటలో బండి బయటికి వచ్చింది.

నేను టీ పెట్టాను. పులిహోర కొంచెం మిగిలి ఉంటే ఇచ్చాను. ఆ పిల్ల కరివేపాకు తీసి పక్కన పెట్టింది, మన పిల్లల్లాగే. బడిలో మాకు బలవంతంగా నేర్పిన ఆఫ్రికాన్స్ ఆ రోజు అక్కరకు వచ్చింది. నేను ఆయన్ని "ఊమ్" అన్నాను. మన "మామా" లాంటి మాట అది. ఆయన నన్ను "తన్నీ" అన్నాడు. మీరెక్కడి వాళ్ళని అడిగాడు. డర్బన్ అన్నాను. "దానికి ముందు?" అన్నాడు.

"ఇండియా. మా ముత్తవ్వ మద్రాసులో ఓడ ఎక్కి వచ్చింది. చెరకు తోటల్లో పనికి."

ఆయన తల ఊపాడు. "మేము కూడా అవతల నుంచే వచ్చాం" అని నది అవతలి కొండల వైపు చెయ్యి చూపించాడు. అప్పుడు హాఫ్‌మెన్స్ కథ చెప్పాడు.

చాలా కాలం కింద నామా ప్రజలు నదికి ఉత్తరాన ఉండేవాళ్ళు. శత్రువులు వాళ్ళను తరిమారు. వాళ్ళు నది దాటి ఈ కొండలు ఎక్కారు. ఎక్కుతూ ఎక్కుతూ కొంతమంది ఆగి, వెనక్కి తిరిగి, వదిలి వచ్చిన నేలను చూశారు. అలా చూసినవాళ్ళు అక్కడే నిలిచిపోయారు. చెట్లయిపోయారు. సగం చెట్టు, సగం మనిషి. అందుకే వాటి తలలు ఎప్పుడూ ఉత్తరం వైపే వంగి ఉంటాయి.

"వెనక్కి చూసినందుకు శిక్షా?" అన్నాను.

ఆయన ఆశ్చర్యపోయాడు. "శిక్ష కాదు తన్నీ. దేవుడు జాలిపడ్డాడు. వాళ్ళు పోలేరు, తిరిగి రానూ లేరు. అందుకని ఇల్లు కనబడే చోట నిలబెట్టాడు."

నేను గ్లాసు కింద పెట్టాను. మా వాడు నా వైపు చూడలేదు. మంట వైపు చూశాడు.

చెట్లు ఉత్తరం వైపు వంగడానికి ఇంకో కారణం కూడా ఉంది. మనం భూమికి దక్షిణ భాగంలో ఉన్నాం కాబట్టి సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. ఆ చెట్టుకు చలికాలంలోనే ఆకులు వస్తాయి, పూలు వస్తాయి. తల ఎండ వైపు పెట్టుకుంటే మంచిది కదా. మా నాయన ఉంటే ఈ రెండో కారణమే చెప్పేవాడు. మా అవ్వ ఉంటే మొదటిది చెప్పేది. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి.

ఆ పిల్ల నాకు నామా పలకరింపు ఒకటి నేర్పింది. "మాటిసా?" అంటే ఎలా ఉన్నారని. నాకు అది మన "మాట"లాగే వినిపించింది. నాలుకతో "టక్" మని చప్పుడు చేసే అక్షరాలు నాకు రాలేదు. అది పడీ పడీ నవ్వింది. కానీ దానికి కూడా ఆ భాష పూర్తిగా రాదట. ఇంట్లో ఆఫ్రికాన్సే. మేకల మాటలు, నీళ్ళ మాటలు, తిట్లు, పలకరింపులు మాత్రం తాత దగ్గర నేర్చుకుందట.

మా వాడు అప్పుడు నవ్వాడు. "నాకూ అంతేనమ్మా. రా, పో, తిను, నీళ్ళు, ఉప్పు, చాలు. నా తెలుగు అంతా వంటింట్లోనే ఉంది."

మన దేశ రాజ్యాంగం 1996లో రాశారు. అందులో 6వ సెక్షన్ భాషల గురించి చెబుతుంది. మన తెలుగు పేరు కూడా అందులో ఉంది, "తెలెగు" అనే స్పెల్లింగుతో. అదే సెక్షన్‌లో కొంచెం పైన నామా భాష పేరు ఉంది. నామా పెంచాల్సిన భాష, తెలుగు గౌరవించాల్సిన భాష. తరగతిలో ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పాను. ఆ రోజు మాత్రం ఆ రెండు పేర్లూ ఒకే మంట దగ్గర కూచున్నాయి.

పోయేముందు ఆయన ఇంకో మాట చెప్పాడు. 1920లలో ఇక్కడ వజ్రాలు దొరికాక ప్రభుత్వం వాళ్ళ నేల తీసుకుంది. వాళ్ళు కోర్టుకు పోయారు. 2003లో రాజ్యాంగ కోర్టు ఆ నేల మీద, దాని కింది ఖనిజాల మీద వాళ్ళకు హక్కు ఉందని తీర్పు ఇచ్చింది. "ఎన్ని ఏళ్ళయినా అడుగుతూనే ఉండాలి" అన్నాడు. మా నాయనకు ఆ ఓపిక ఉండేది కాదు. మేము నగరంలో ఉన్న ఇల్లు వదిలి చాట్స్‌వర్త్‌కు మారాల్సి వచ్చినప్పుడు, ఆయన ఆ పాత వీధి పేరు మళ్ళీ ఎత్తలేదు. ఆ వీధి మీదుగా బస్సు పోయినా కిటికీలోంచి చూసేవాడు కాదు. కొందరు వెనక్కి చూసి ఆగిపోతారు. కొందరు చూస్తే ఆగిపోతామని చూడరు.

ఆ రాత్రి మేము కోకర్‌బూమ్‌క్లూఫ్ చేరాం. అక్కడ నీళ్ళు లేవు. గుండ్రటి పెద్ద పెద్ద రాళ్ళు, వాటి మధ్య కోకర్‌బూమ్ చెట్లు. ఇది కలబంద జాతి చెట్టే, కానీ ఇంటి కప్పు కంటే ఎత్తు పెరుగుతుంది. సాన్ ప్రజలు దీని కొమ్మల్ని తొలిచి బాణాలు పెట్టుకునేవారు. బాణాలు పెట్టుకునే సంచిని తెలుగులో "అమ్ములపొది" అంటారు. అమ్ము అంటే బాణం. మా వాడికి ఈ మాట నచ్చింది. "అమ్మ, అమ్ము" అని నవ్వుకున్నాడు.

పైన పాలపుంత ఇంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. చాలాసేపటికి వాడు అడిగాడు. "అమ్మా, ముత్తవ్వ ఓడ ఎక్కిన రోజు వాళ్ళమ్మ ఏమంది?"

నాకు జవాబు రాలేదు. మా ముత్తవ్వ గురించి ఓడ జాబితాలో ఉన్నది నాకు నోటికి వచ్చు. నంబరు, వయసు, తండ్రి పేరు, జిల్లా, ఊరు. ఊరి పేరు ఎవరో వినీ వినక రాశారు, అది ఎక్కడుందో దొరకలేదు. మన కథలన్నీ ఓడతోనే మొదలవుతాయి. 1860లో ట్రూరో ఓడ వచ్చింది అంటాం. 1911 దాకా లక్షన్నర మంది వచ్చారు అంటాం. ప్రతి నవంబరు 16న సముద్రం ఒడ్డున నిలబడి పూలు వేస్తాం. కానీ ఆ లక్షన్నర మందికీ తల్లులు ఉన్నారు కదా. వాళ్ళు ఏ గుమ్మంలో నిలబడ్డారు? ఎన్నాళ్ళు ఎదురు చూశారు? ఏ జాబితాలోనూ వాళ్ళకు నంబరు లేదు. అరవై ఏళ్ళు దాటాయి నాకు. ఒక్కసారి కూడా ఆమె గురించి ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించాను, ఎందుకంటే ఇప్పుడు ఆ గుమ్మంలో ఉన్నది నేను.

"తెలియదు నాన్నా" అన్నాను. "కానీ వెనక నుంచి పిలిచి ఉండదు. పిలిచి ఉంటే మనం ఇక్కడ ఉండం."

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. చలికి ఇద్దరి చేతులూ గడ్డకట్టి ఉన్నాయి. "ఆమెకు వీడియో కాల్ లేదమ్మా" అన్నాడు. నేను నవ్వాను, ఏడ్చాను కూడా. వీడియో కాల్‌లో మనవరాలి తల నిమరలేను. అయినా ఆమెకు లేనిది నాకు ఉంది. ఆ మాట నిజమే.

తిరిగి వచ్చేటప్పుడు హాఫ్‌మెన్స్ కనుమ దగ్గర బండి ఆపించాను. నెమ్మదిగా ఎక్కి ఒక చెట్టు పక్కన నిలబడ్డాను. నా కంటే ఒక జానెడు పొడుగు ఉంది. ఇది ఏడాదికి సెంటీమీటరు అటూ ఇటూ పెరుగుతుందట. అంటే మా ముత్తవ్వ ఓడ దిగేనాటికే అది ఆ కొండ మీద ఉంది. ఇంకో సంగతి తెలుసుకుని ఆశ్చర్యపోయాను. ఈ చెట్టు మన గన్నేరు కుటుంబానిదే. గన్నేరు, బిళ్ళగన్నేరు, మన గుడి ముందు పూసే దేవగన్నేరు, అన్నీ దీనికి చుట్టాలు. ఎడారిలో నిలబడితే గన్నేరు కూడా ముళ్ళు మొలిపించుకుంటుంది కాబోలు.

మా వాడు ఫోటో తీశాడు. అందులో నేనూ చెట్టూ పక్కపక్కన ఉన్నాం. ఇద్దరం ఉత్తరం వైపే చూస్తున్నాం, ఎండ అటే ఉంది కాబట్టి.

సెప్టెంబరులో వాళ్ళు బయలుదేరారు. విమానాశ్రయంలో మనవరాలు బొమ్మను చంకలో పెట్టుకుని నిద్రపోతోంది. కోడలు నా కాళ్ళకు దండం పెట్టింది. మా వాడు నన్ను పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఎంతో జాగ్రత్తగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని అన్నాడు: "అమ్మా, పోయొస్తావు."

"పోయొస్తాను అనాలిరా" అన్నాను. నలభై ఏళ్ళ టీచరమ్మను, ఊరుకోలేను.

"పోయొస్తాను."

"ఆఁ. పోయి రా."

వాళ్ళు లోపలికి పోయారు. చిన్నదాని నీళ్ళ సీసా నా సంచిలోనే ఉండిపోయిందని అప్పుడు చూశాను. పిలవలేదు. గాజు తలుపుల అవతల వాళ్ళు కనబడినంతసేపూ అక్కడే నిలబడి చూశాను.